బందారాకు జిగురు, ప్రభావతి చేయి

ఈ మధ్య మా కాలేజీలో కొత్తగా చేరిన ఇద్దరమ్మాయిలు నంద్యాలలో మా ఇంటికి వచ్చి, "మేడం, మీ అనుభవాలు రాయండి, మాకు పనికొస్తాయి" అన్నారు. సరే, రాస్తున్నాను. ఏ పదవి ఎప్పుడొచ్చిందో, ఏ కమిటీలో కూర్చున్నానో మాత్రం రాయను. అవి నాకే సరిగ్గా గుర్తులేవు. మందు మొక్కల్లోంచి ఫ్లేవనాయిడ్లు తీసి అవేమిటో గుర్తుపట్టడం నా ఉద్యోగం. పాఠాలు చెప్పడం దానితో పాటు వచ్చింది. ఆ పనిలో నాకు బాగా గుర్తుండిపోయింది ఒక మనిషి మీద నాకున్న అసూయ. ఇంకా ఉంది, ఏమీ తగ్గలేదు. కాబట్టి ఇందులో సగం రసాయనశాస్త్రం, సగం కుళ్ళు. పెద్దావిడ కదా, అన్నీ మరిచిపోయి శాంతంగా రాస్తుందని ఆశపడేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు.

పని అంటే ఇదీ

ఫ్లేవనాయిడ్లంటే మొక్కలు తమ కోసం తయారుచేసుకునే పదార్థాలు. ఎక్కువ వాటికి లేత పసుపు రంగు ఉంటుంది. ఎండ దెబ్బ నుంచి, పురుగుల నుంచి ఆకును కాపాడేవి ఇవేనంటారు. మన పెద్దలు వాపుకు, బెణుకుకు కట్టుకట్టిన ఆకుల్లో చాలావాటిలో ఇవి ఉంటాయి. ఆకు తెచ్చి, నీడలో ఆరబెట్టి, పొడిచేసి, ఆల్కహాల్‌లో మరిగిస్తాం. వచ్చిన రసంలో కొంచెం టెస్ట్‌ట్యూబులోకి తీసుకుని, మెగ్నీషియం ముక్క వేసి, గాఢమైన యాసిడ్ చుక్కలు వదిలితే బుసబుసమని పొంగి ఎర్రబడుతుంది. ఎర్రబడితే ఫ్లేవనాయిడ్ ఉన్నట్టు. మొదటిసారి చూసిన పిల్లలు కేకలేస్తారు. నేను కేకలేయనిచ్చేదాన్ని కాదు. ఊళ్లో దొంగ ఉన్నాడని తెలిసింది, అంతే. ఏ ఇంట్లో ఉన్నాడో, వాడి పేరేమిటో ఇంకా తెలియదు.

ఆ తర్వాతే అసలు పని. ఆ రసంలో ఆకుపచ్చ రంగు, మైనం, చక్కెర, ఉప్పు, ఇంకా ఏవేవో కలిసి ఉంటాయి. వాటిలోంచి ఒక్క పదార్థాన్ని విడదీసి శుభ్రమైన స్ఫటికాలుగా తేవాలి. ఇది చేతి పని. ఆ స్ఫటికం ఏమిటో చెప్పడం కంటి పని. రెండూ ఒకే మనిషిలో ఉండటం అరుదు. దేవుడు నాకు కన్నిచ్చాడు, చేయి ఇవ్వలేదు. నేనేది ముట్టుకున్నా నల్లటి జిగురుగానే మిగిలేది. స్ఫటికం కట్టడానికి గాజు కడ్డీతో పాత్ర లోపలివైపు గీకాలని చెబుతారు. నేను గీకిన గీకుడుకు పాత్రలకు గీతలు పడ్డాయి గానీ స్ఫటికాలు పడలేదు.

ప్రభావతి

ప్రభావతి నా తర్వాత చేరింది. ఆళ్లగడ్డలో వాళ్లది వ్యాపారం చేసుకునే కుటుంబం. పచారీ సరుకులతో పాటు కరక్కాయ, శొంఠి, పిప్పళ్లు అమ్మే అంగడి. మా నాయన మిషన్ బడిలో అయ్యవారు. మా ఇంట్లో ప్రతి పనికీ ఒక పద్ధతి, ఒక ప్రార్థన. ప్రభావతికి రెండూ లేవు. రోజూ ఆళ్లగడ్డ నుంచి బస్సులో వచ్చేది. వచ్చీరాగానే సంచి బల్ల మీద పడేసి "అక్కా, టీ తాగుదాం దా" అనేది. పాత్రలు సరిగా కడిగేది కాదు, మూతలు పెట్టేది కాదు. సాయంత్రం బస్సు టైమవుతుంటే చేతిలో ఉన్నది ఎక్కడిదక్కడ వదిలేసి, పైన ఒక కాగితం కప్పి వెళ్లిపోయేది.

పొద్దున వచ్చి చూస్తే ఆ కాగితం కింద స్ఫటికాలు ఉండేవి.

ఒకసారి కాదు, ఎన్నోసార్లు. నేను వడగట్టి, కడిగి, చల్లబెట్టి, పక్కన కూర్చుని కాపలా కాసిన పాత్రలో జిగురు. ఆమె మరిచిపోయి వెళ్లిన పాత్రలో సూదుల్లాంటి పసుపు స్ఫటికాలు. మా గైడు ఖాదర్ సార్ అవి చూసి "ఏం చేయమ్మా నీది!" అని మురిసిపోయేవాడు. తర్వాత నా బల్ల దగ్గరికొచ్చి నా జిగురు చూసి "కష్టపడతాండావమ్మా" అనేవాడు. ఆ మాటతో నాకు ఒళ్లంతా మండిపోయేది. కష్టపడుతున్నావు అని ఎవరైనా మిమ్మల్ని మెచ్చుకుంటే, పని అవలేదని మర్యాదగా చెబుతున్నారని అర్థం.

ఖాదర్ సార్ గురించి కూడా రెండు మాటలు చెప్పాలి. బనగానపల్లె మనిషి. ఎండాకాలం వస్తే మా ప్రయోగశాలకు మామిడిపళ్ల బుట్ట తెచ్చేవాడు, అందరికీ తనే కోసి పెట్టేవాడు. మనసు మంచిది. కానీ అందమైన స్ఫటికం కనబడితే కరిగిపోయేవాడు. అందంగా ఉన్నది శుద్ధంగా ఉంటుందని, శుద్ధంగా ఉన్నది గొప్పదని ఆయన నమ్మకం. అది నిజం కాదని నాకు తెలుసు. చెప్పే అవకాశం కోసం కాచుకుని ఉన్నాను.

గలిజేరు ఉప్పు

అవకాశం గలిజేరు మొక్కతో వచ్చింది. ఒళ్లు నీరుపట్టి వాస్తే వాడే మొక్క, పొలం గట్ల మీద పాకుతుంది. ప్రభావతి దాని వేర్లలోంచి తెల్లగా మెరిసే స్ఫటికాలు తీసింది. కిటికీ దగ్గర పెడితే కళ్లు జిగేలుమన్నాయి. సార్ పిల్లలందరినీ పిలిచి చూపించాడు.

"ఎంత వేడి చేసినా కరగట్లేదు సార్. థర్మామీటర్ ఆఖరికొచ్చింది" అంది ప్రభావతి.

"ఏదో గట్టి పదార్థమే పట్టినావమ్మా" అన్నాడు సార్.

నేను ఇన్ని స్ఫటికాలు గరిటె కొన మీద తీసుకుని మంటలో పెట్టాను. మొక్క తయారుచేసిన పదార్థమైతే మాడాలి, నల్లబడాలి. ఇది మాడలేదు. మంటకు ఊదారంగు వచ్చింది. పొటాషియం ఉన్నట్టు గుర్తు. నేలలోంచి మొక్క పీల్చుకున్న ఉప్పు అది.

"ఉప్పు సార్. కూరలో వేసుకునే ఉప్పుకు పెద్దమ్మ కూతురు" అన్నాను, పిల్లలందరికీ వినబడేలా. అంతకంటే తియ్యటి మాట నేనెప్పుడూ మాట్లాడలేదు.

ప్రభావతి పకపకా నవ్వింది. "అయ్యో దేవుడా, ఉప్పుకా ఇంత సంబరపడింది! భలే పట్టితివక్కా" అంటూ తనే అందరి కంటే ఎక్కువగా నవ్వింది. పిల్లలూ నవ్వారు, సారూ నవ్వాడు. నవ్వలేనిది నేనొక్కదాన్నే. గెలిచింది నేను, సంతోషం ఆమెకు వెళ్లింది. ఓడిపోయి కూడా అలా నవ్వగలగడం చూసి నాకు ఇంకో రకం కుళ్ళు పుట్టింది.

మీకు పనికొచ్చే మాట: మెరిసేదాన్ని ముందు మంటలో పెట్టండి. అరనిమిషం పని. చాలామంది చేయరు, అందం మీద మనసుపడి.

ఒక చెట్టుకు ఇద్దరు

ఇప్పుడు బందారు దగ్గరికొస్తాను.

బందారు మన కొండవాలుల్లో గుబురుగా పెరిగే పొద. ఆళ్లగడ్డ దాటి నల్లమల వైపు వెళితే రాళ్ల మధ్య ఎక్కడ చూసినా అదే. ఆకు మీద వార్నిష్ పూసినట్టు మెరుపు, ముట్టుకుంటే వేళ్లకు అంటుకునే జిగురు. కాలు బెణికితే ఆ ఆకును వెచ్చచేసి కడతారు. చిన్నప్పుడు నా మణికట్టు విరిగితే మా అవ్వ కట్టింది ఆ ఆకే. డాక్టరేటుకు ఆ మొక్కను ఎంచుకుంది నేను. సార్‌ను ఒప్పించింది నేను. ప్రభావతి అప్పటికి వేరే ఏదో మొక్క మీద ఉండి, అది కుదరక వదిలేసింది. సార్ ఆమెను కూడా బందారు మీదికే పంపించాడు.

నేను వెళ్లి అడిగాను. "సార్, ఇది నా మొక్క కదా?"

"చెట్టు దేవునిదమ్మా" అన్నాడు సార్. నా మొహం చూసి మాట మార్చాడు. "ఒక చెట్టుకు ఇద్దరెందుకులే. ముందు ఇద్దరూ చేయండి. ఎవరికి కొత్త పదార్థం దొరికితే చెట్టు వాళ్లది. ఇంగొకరికి వేరే చెట్టు చూపిస్తా."

ఆ రోజు నుంచి నాకు బందారు తప్ప వేరే ధ్యాస లేదు. అప్పటికి చాన్నాళ్లుగా ఆ ఆకును ఆరబెడుతున్నాను, నూరుతున్నాను, మరిగిస్తున్నాను. పుస్తకంలో ఉన్న పద్ధతిలో ఒక్క మెట్టు కూడా తప్పలేదు. బందారులో ఇదివరకే తెలిసిన ఒక పసుపు ఫ్లేవనాయిడ్ ఉంది. దాని శుద్ధమైన నమూనా కొంచెం పెద్ద విశ్వవిద్యాలయం నుంచి బతిమాలి తెప్పించుకుని నా బీరువాలో దాచుకున్నాను. నా పదార్థం వచ్చాక పక్కపక్కన పెట్టి పోల్చుకోవాలని నా ఆశ. నా పదార్థం రాలేదు. ఎప్పటిలాగే ముదురాకుపచ్చ జిగురొచ్చింది.

బస్సు టైము

ప్రభావతి ఆకు ఆరబెట్టలేదు. ఆరబెట్టే ఓపిక ఆమెకు లేదు. వచ్చేటప్పుడు పచ్చి కొమ్మలే సంచిలో వేసుకొచ్చింది, అన్నం గిన్నె పక్కన. నూరనూ లేదు. మరిగించాలంటే పొద్దుపోతుంది, ఆమెకు బస్సు పట్టుకోవాలి. పెద్ద గాజు పాత్రలో అసిటోన్ పోసి, కొమ్మ పట్టుకుని ఆకుల్ని అందులో ముంచి తీసింది, మనం వేడినీళ్లలో టీ పొట్లం ముంచినట్టు. అంతే. ఆ అసిటోన్‌ను ఆరనిచ్చి, మిగిలిన దాన్ని కొంచెం ఆల్కహాల్‌లో కరిగించి, మైనం వడగట్టి, పైన కాగితం కప్పి ఆళ్లగడ్డ బస్సెక్కింది.

మర్నాడు నేనే ముందు వచ్చాను. కాగితం ఎత్తి చూశాను. పాత్ర అడుగంతా లేత పసుపు సూదులు. ఆకుపచ్చ మచ్చ ఒక్కటి లేదు. ఉండదు మరి. ఆకును నూరితే కదా లోపలి పచ్చరంగు, చక్కెర, చెత్తంతా బయటికొచ్చేది. అసలు నాకు కావలసిన పదార్థం ఆకు పైనే జిగురుగా పూసుకుని ఉంది. నేను ఇన్నాళ్లూ దాన్ని ఆకు లోపలి చెత్తతో కలిపి నూరి, దాన్నే మళ్లీ విడదీయడానికి చస్తున్నాను.

ఆమె రాగానే అడిగాను. "ఎట్ల తట్టింది నీకు? యాడ చదివినావ్?"

"చదివేదేందక్కా! చేతికి అంటుకుంటాంది గదా" అంది. "దానికి నూరేదేముంది, పైనే ఉంది."

నేను కూడా చేత్తో ముట్టుకున్నదాన్నే. రోజూ అంటుకునేది, రోజూ సబ్బుతో కడుక్కునేదాన్ని. ఆ పూట నాకు అన్నం సయించలేదు. తెలివితో గెలిచి ఉంటే ఓర్చుకునేదాన్నేమో. ఓపిక లేకపోవడం వల్ల గెలిచింది. దాన్ని ఎవరైనా ఎలా ఓర్చుకుంటారు?

ఒక్క పలక చాలన్నారు

పదార్థం వచ్చింది. అది పాతదా కొత్తదా? ఇప్పుడున్న యంత్రాలు అప్పుడు మాకు లేవు. కొత్తదనిపిస్తేనే సార్ తనకు తెలిసినవాళ్లను బతిమాలి హైదరాబాద్ పంపగలడు. ముందు మేమే తేల్చాలి. ఎవరు తేల్చాలన్న మాట వచ్చింది. తీసినవాళ్లే తేల్చకూడదని సార్ నియమం.

"ఎవరికిస్తావమ్మా?" అని సార్ ప్రభావతిని అడిగాడు. డిపార్ట్‌మెంటులో ఇంకా నలుగురైదుగురున్నారు.

"అక్కకే ఇస్తా సార్" అంది, నన్ను చూపించి.

కావాలనే అంది, నన్ను ఇంకాస్త కుంగదీయడానికే అనుకున్నాను. నా చెట్టు పోతుందో లేదో నా చేత్తోనే చూసుకోమంటోంది. నా బీరువాలో ఉన్న నమూనాతోనే.

సార్‌కు కర్నూల్లో ఏదో మీటింగు. వెళుతూ, "ఒక పలక మీద రెండూ పక్కపక్కన పరిగెత్తించి చూడమ్మా. చుక్కలు ఒకే ఎత్తుకొస్తే పాతదే. అంత చాలు" అన్నాడు.

అదే చేశాను. సిలికా పూసిన గాజు పలక మీద నా నమూనా ఒక చుక్క, ఆమె పదార్థం ఒక చుక్క పెట్టి, ద్రావకంలో నిలబెట్టాను. ద్రావకం పలక మీద పైకి పాకుతూ చుక్కల్ని తనతో మోసుకెళుతుంది, ఒకే పదార్థమైతే ఒకే ఎత్తుకు. యూవీ దీపం కింద చూశాను. రెండు చుక్కలూ ఒకే ఎత్తులో, ఒకే ముదురు ఊదా రంగులో ఉన్నాయి. నాకు గంతులేయాలనిపించింది. పాతదే! చెట్టు ఇంకా నాదే! ఆదివారం చర్చిలో కూర్చుని, అందరూ ఆరోగ్యం కోసం, వానల కోసం ప్రార్థిస్తుంటే నేను ప్రభావతి పదార్థం పాతదే అయినందుకు కృతజ్ఞత చెప్పుకున్నాను. ఆ ప్రార్థన ఎక్కడికి చేరిందో నాకు తెలియదు.

సార్ చెప్పింది అయిపోయింది. అక్కడితో ఆపి ఉంటే నన్ను తప్పుపట్టేవాళ్లు లేరు. కానీ నాకు తృప్తి కలగలేదు. ఒక్క పలక చూపిస్తే ప్రభావతి పకపకా నవ్వి "సరేలేక్కా" అంటుంది. గలిజేరు ఉప్పప్పుడు చూశాను కదా. ఈసారి అలా నవ్వడానికి సందు ఉండకూడదు. ఎటు తిరిగినా తలుపు మూసేయాలి. అందుకని ద్రావకం మార్చి రెండో పలక పెట్టాను. అందులో ఆమె చుక్క నా నమూనా చుక్క కంటే కొంచెం పైకొచ్చింది. పలక సరిగ్గా పూయలేదేమో అనుకుని మళ్లీ పూసి చూశాను. మళ్లీ పైకే వచ్చింది.

అప్పుడు మెల్టింగ్ పాయింట్ చూశాను. ఇది తెలియనివాళ్లకు చెబుతాను. శుద్ధమైన పదార్థం ఒక నిర్దిష్టమైన వేడి దగ్గర కరుగుతుంది. రెండు పొడులూ ఒకటే అయితే, కలిపినా అదే వేడికి కరుగుతాయి. వేరువేరైతే కలిపిన పొడి ముందే కరిగిపోతుంది. పాత నమూనానూ ఆమె పదార్థాన్నీ కలిపి సన్నటి గాజు గొట్టంలో నింపి, భూతద్దంలోంచి చూస్తూ కూర్చున్నాను. "ఆగు, ఆగు" అని పైకే అంటున్నాను. ఆగలేదు. ఇంకా చాలా వేడి ఎక్కాల్సి ఉండగానే పొడి చెమ్మగిల్లి, కుంగి, నీరైపోయింది.

అది పాతది కాదు. ఆమెను పడగొట్టాలని పట్టుదలగా తవ్వి, ఆమె పదార్థం కొత్తదని నేనే తేల్చాను.

ఇదంతా నోటితో చెప్పినప్పుడు, సార్‌కు చెప్పకుండా ఉందామా అని ఆలోచించారా అని అడిగారు ఈ అమ్మాయిలు. లేదు. అంత మంచిదాన్నని కాదు. నాకున్నదల్లా కన్ను. ఆ కన్ను చూసినదాన్ని చూడలేదంటే ఇక నాకు ఏమీ మిగలదు. సార్ కర్నూలు నుంచి రాగానే పలకలూ గొట్టాలూ ఆయన ముందు పెట్టి, "కొత్తది సార్" అన్నాను. హైదరాబాద్ నుంచి కూడా అదే మాట వచ్చింది. ప్రభావతి ఇంటి నుంచి డబ్బా నిండా ఓళిగలు తెచ్చి పంచింది. మొదటిది నా నోట్లో పెట్టింది. నెయ్యి ఓడుతున్న ఆ ఓళిగ అంత చేదుగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

బందారు ఆమెదైంది. సార్ నాకు తంగేడు పువ్వు చూపించాడు. అందులో నేను తీసినవన్నీ అందరికీ తెలిసినవే. నా డాక్టరేటు వచ్చింది, ఉద్యోగం సాగింది, కానీ కొత్త పదార్థం ఒక్కటి కూడా నా చేతికి రాలేదు. నన్ను నేను ఓదార్చుకోవడానికి ఎన్నోసార్లు ప్రయత్నించాను. కుదరలేదు.

మీకు ఒక మాట

ఇప్పుడు యంత్రంలో చుక్క వేస్తే చాలు, తెర మీద పేరొస్తుంది. మీరు ఆ పేరు రాసుకుని వెళ్లిపోతున్నారు. నేను చూస్తున్నాను. యంత్రం తనకు తెలిసిన పేర్లలోంచి దగ్గరగా ఉన్నది ఏరి ఇస్తుంది. దానికి మీ మీద కుళ్ళు లేదు. అందుకే అంత తొందరగా ఒప్పుకుంటుంది. మీ స్ఫటికం మీ స్నేహితురాలికి చూపిస్తే బాగుందంటుంది. సార్‌కు చూపిస్తే, అందంగా ఉంటే, మురిసిపోతాడు. మీరు బాగుపడితే నిద్రపట్టని మనిషి మీ చుట్టుపక్కల ఒకరు ఉంటారు. వెతికి వాళ్లకు ఇవ్వండి.

ఈ మాట నా సొంతం అనుకునేరు. కాదు. అది కూడా ప్రభావతిదే.

నా తర్వాత ఆమె కూడా రిటైరైంది. ఈ మధ్య ఆళ్లగడ్డ వెళ్లినప్పుడు వాళ్లింటికి వెళ్లాను. ఇంటి ముందు కంచెగా బందారు నాటింది. మెరిసిపోతోంది. ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు పెట్టింది. తింటూ, ఇన్నేళ్లుగా లోపల పెట్టుకున్నది అడిగేశాను.

"నిజం చెప్పు ప్రభా. ఆ పొద్దు నాకే ఎందుకిస్తివి? అంతమంది ఉండ్రి గదా."

"నువ్వు నన్ను చూసి కుళ్ళుకుంటాంటివి గదక్కా, అందుకు."

చేతిలో ఉన్న బజ్జీ పళ్లెంలో పెట్టేశాను.

"వేరేవాళ్లకిచ్చింటే ఒక పలక మీద చూసి, పాతదేనని సార్‌కు చెప్పి పోయిండేవాళ్లు" అంది ప్రభావతి, నా పళ్లెంలో ఇంకొంచెం ఉగ్గాని వేస్తూ. "వాళ్లకేం పట్టింది? నువ్వయితే నన్ను కింద పడేసేకి ఆఖరుదాకా చూస్తావు. నువ్వు చూసినాక ఇంగెవరూ దాన్ని కదిలిచ్చలేరు అనుకుంటి."

"నీకెట్ల తెలుసు? నేనెప్పుడూ ఒక్క మాట అన్లేదే."

"నువ్వు అనాల్నా? తినక్కా, చల్లారిపోతాంది" అని పకపకా నవ్వింది.

నంద్యాల బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆలోచించుకున్నాను. స్ఫటికాలు ఆమెవి, చెట్టు ఆమెది, పేరు ఆమెది. నాదంటూ గుట్టుగా దాచుకున్నది ఆ కుళ్ళు ఒక్కటే అనుకున్నాను ఇన్నాళ్లూ. దాన్ని కూడా ఆమె ఎప్పుడో బయటికి తీసి, అదేమిటో గుర్తుపట్టి, తన పనికి వాడుకుంది. నూరకుండా, మరిగించకుండా, బస్సు టైముకు ముందే.